హ్యాండ్లరూ కుక్కా: సైన్స్ ఫిక్షన్ మినియేచర్ జంటకు మొదటి నుంచి చివరిదాకా రంగులు

బల్ల మీద ఆడే సైన్స్ ఫిక్షన్ వార్‌గేమ్ (యుద్ధపు ఆట) బొమ్మల పెట్టె తెరిస్తే నేను ముందు వెతికేది హ్యాండ్లరూ, అంటే కుక్కని నడిపే మనిషీ, కుక్కా ఉన్న జంట కోసం. ఆర్మర్ తొడుక్కున్న సైనికుడైతే ఒకడి పద్ధతి పట్టుబడితే చాలు, మిగతా తొమ్మిదిమందికీ అదే సరిపోతుంది. ఈ జంటలో ఒకవైపు లోహం, తోలు, మనిషి చర్మం. ఇంకోవైపు బొచ్చు, తడి ముక్కు, మెరిసే కళ్లు. రెండింటికీ విడివిడిగా ఎంత బాగా రంగులు వేసినా, పక్కపక్కన పెట్టినప్పుడు ఒకరికొకరు తెలియనట్టు నిలబడితే పని చెడినట్టే. అందుకే ఈ పనిలో ప్రతి మెట్టు దగ్గరా ఒకటే అడుగుతాను: నేను వేస్తున్న ఈ రంగు వాళ్లిద్దర్నీ దగ్గర చేస్తోందా లేదా?

మాది ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజారులో సగం ఒడియా. బొమ్మలూ మంచి బ్రష్‌లూ ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. మిగతావన్నీ స్టేషనరీ షాపులో, హార్డ్‌వేర్ షాపులో, మోటారు వైండింగ్ షాపులో దొరికిపోతాయి. ఇంకో మాట. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. నోట్లో మెదిలే మాటే రాయాలన్నది ఆయన పట్టు. కాబట్టి ప్రైమర్‌ని ప్రైమర్ అనే, వాష్‌ని వాష్ అనే రాస్తాను.

ముందు కుక్కల్ని చూడండి

రంగు సీసా మూత తియ్యకముందు రెండు రోజులు కుక్కల్ని చూడండి. నేను పొద్దున్నే మహేంద్రతనయ వైపు నడుస్తూ చూస్తుంటాను. పశువుల వెంట పోయే కుక్క మూతి ముందుకే ఉంటుంది కానీ, ఒక చెవి మాత్రం వెనక్కి, కాపరి వైపు తిరిగి ఉంటుంది. అతను నాలుకతో చిన్న చప్పుడు చేస్తే ముందు కదిలేది ఆ చెవే. బొమ్మ చెక్కినవాళ్లు కూడా ఇలాంటి ఆనవాలు ఎక్కడో ఒకచోట వదిలే ఉంటారు. కుక్క ఎటు చూస్తోంది, హ్యాండ్లర్ ఎటు చూస్తోంది, చెయ్యి ఎక్కడుంది అని బొమ్మను తిప్పి తిప్పి చూసి పట్టుకోండి. ఆ బంధం కనిపించే చోటే బొమ్మ మొత్తంలో ఎక్కువ వెలుగు ఉండాలి.

ఇక్కడ ఉదాహరణకి నా జంటనే తీసుకుంటాను. హ్యాండ్లర్ ఒక ఆడమనిషి. మోకాలు వంచి కూర్చుని ఎడమచెయ్యి కుక్క వీపు మీద వేసింది, మణికట్టు మీద చిన్న స్క్రీన్ ఉంది. కుక్క ముందుకాలు ఒకటి ఎత్తి నేలను వాసన చూస్తోంది. వెనకకాలు ఒకటి యంత్రం. ఒంటి మీద జాకెట్, మెడపట్టీకి చిన్న దీపం.

కొలత గుర్తుంచుకోండి. 28 మి.మీ. బొమ్మ అంటే అసలు మనిషిలో సుమారు 56వ వంతు. భుజం దగ్గర 60 సెం.మీ. ఎత్తుండే కుక్క ఈ లెక్కన 11 మి.మీ. కూడా ఉండదు. కన్ను ఆవగింజలో సగం కంటే చిన్నది. ఇంత చిన్న వాటి మీద నీడలు సహజంగా పడితే కంటికి ఆనవు. వెలుగు, నీడ రెండూ అసలు కంటే పెంచి వెయ్యాల్సిందే.

ఏ కుక్క అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. సైనిక బొమ్మలకి చాలామంది బెల్జియన్ మాలినాయ్‌నే ఎంచుకుంటారు: గోధుమరంగు ఒళ్లు, నల్లటి మూతి, నల్లటి చెవులు. జర్మన్ షెపర్డ్‌కైతే వీపు మీద జీను వేసినట్టు నల్లటి మచ్చ ఉంటుంది. నేను మాత్రం మన వీధికుక్క రంగే వేస్తాను. అంతరిక్షంలో వీధికుక్క ఏమిటి అనేవాళ్లకి ఒక్క పేరు చాలు: లైకా. 1957 నవంబర్ 3న స్పుత్నిక్-2లో వెళ్లిన లైకా మాస్కో వీధుల్లో తిరిగిన కుక్కే.

బొమ్మను సిద్ధం చెయ్యడం

ప్లాస్టిక్ బొమ్మైతే ప్లాస్టిక్ సిమెంట్‌తో అతకండి. అది రెండు ముక్కల్నీ కొద్దిగా కరిగించి కలిపేస్తుంది. రెజిన్‌కీ లోహానికీ అది పనిచెయ్యదు, సూపర్ గ్లూ కావాలి. మామూలు ఫెవిక్విక్ చాలు. రెజిన్ బొమ్మను ముందు గోరువెచ్చని సబ్బునీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో కడగండి. అచ్చు నుంచి సులువుగా ఊడటానికి పూసిన జిడ్డు దాని మీద ఉంటుంది, అది పోకపోతే రంగు పట్టదు. వేడినీళ్లు వద్దు, సన్నటి కాళ్లు వంగిపోతాయి. 3డి ప్రింట్ తెప్పించుకుంటే ఇంకా జిగురుగా ఉందేమో తాకి చూడండి, అదీ చేతికి గ్లోవ్స్ వేసుకునే.

అచ్చు రెండు సగాలు కలిసిన చోట సన్నటి గీత ఒకటి మిగులుతుంది. మనిషి ఆర్మర్ మీద దాన్ని తీసెయ్యడం తేలిక. కుక్క ఒంటి మీద ఆ గీత బొచ్చు మధ్యలో నుంచి పోతుంది. మా ఊళ్లో పశువుల కొమ్ముతో కొంగలూ నెమళ్లూ చేసే ఒక పెద్దాయన దగ్గర కూర్చుని ఈ పని నేర్చుకున్నాను. నేను కత్తి అంచుతో బరుకుతుంటే చూసి, "గోకకు నాయనా, నిమురు" అన్నాడు. కత్తి వెనకవైపు పెట్టి, బొచ్చు పోయే దిక్కునే, బరువు వెయ్యకుండా నిమిరి చూపించాడు. నాలుగైదుసార్లకి గీత పోయింది, బొచ్చు గాట్లు అలాగే ఉన్నాయి. అప్పటినుంచీ అదే పద్ధతి. ఉప్పుకాగితం వాడాల్సివస్తే సన్నరకం తీసుకుని తడిపి వాడండి. రెజిన్ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, మాస్క్ కూడా పెట్టుకోండి.

కుక్కనీ హ్యాండ్లర్‌నీ ఇప్పుడే కలిపి అతికెయ్యకండి. కుక్క పాదంలో చేతి డ్రిల్లుతో చిన్న రంధ్రం చేసి, రాగి తీగ ముక్క గుచ్చి, దాన్ని సీసా బిరడాలో దింపండి. హ్యాండ్లర్‌ని ఇంకో బిరడా మీద నిలబెట్టండి. ఆమె చెయ్యి కుక్క వీపు మీద కూర్చునే చోట రంగు లేకుండా వదలాలి, చివర్లో అతుకు అక్కడే పడుతుంది. ఒకసారి జిగురు లేకుండా రెండింటినీ కలిపి చూసి, అరచెయ్యి తగిలే చోటుని పెన్సిల్‌తో గుర్తుపెట్టుకోండి.

మీరు ఆడే ఆటలో కుక్క విడిగా కదలాలంటే ఇద్దరికీ వేర్వేరు బేస్‌లు, అంటే కింద పీటలు, కావాలి. అప్పుడు లీష్ (కుక్కని పట్టే తాడు) అతికించే వీలుండదు. చుట్ట చుట్టి హ్యాండ్లర్ నడుముకి వేలాడదియ్యండి.

ప్రైమర్: వానాకాలం సంగతి

మొదట్లో ఒక ఆగస్టు సాయంత్రం, వాన వెలిసిందే తడవుగా, డాబా మీద స్ప్రే ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు వేసే పూత) కొట్టాను. పొద్దున చూస్తే కుక్క ఒళ్లంతా ఇసుక చల్లినట్టు గరగరలాడుతోంది. గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు స్ప్రే ఇలాగే చేస్తుంది. ఆ రెజిన్ కుక్కను రంగు వదిలే ద్రావకంలో నానబెట్టి బ్రష్‌తో తోముతుంటే ముందుకాలు విరిగింది. అంచేత జూన్ నుంచి అక్టోబర్ దాకా నేను స్ప్రే ముట్టుకోను. బ్రష్‌తో పూసే యాక్రిలిక్ ప్రైమర్‌నే పల్చగా రెండు పూతలు వేస్తాను. మీది కూడా కోస్తాకి దగ్గరి ఊరైతే ఇదే చెయ్యండి.

ఎండాకాలంలోనో చలికాలంలోనో స్ప్రే కొడితే డబ్బాని రెండు నిమిషాలు బాగా ఊపి, 20–25 సెం.మీ. దూరం నుంచి, ఆగి ఆగి కొట్టండి. ముందు నలుపు అన్నివైపులా. ఆరాక తెలుపో లేత బూడిదరంగో పైనుంచి మాత్రమే. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు వెలుగు ఎక్కడ పడుతుందో బొమ్మ మీద అక్కడ తెల్లబడుతుంది, పొట్ట కింద నల్లగానే ఉండిపోతుంది. బ్రష్‌తో పూసేవాళ్లు ఇదే పనిని పొడి బ్రష్‌తో పైనుంచి కిందికి తెలుపు రుద్ది చెయ్యొచ్చు. ఇద్దరికీ ఒకే దిక్కు నుంచి, ఒకే రోజు చెయ్యండి. వెలుగు ఒక్కచోటి నుంచి వస్తేనే ఇద్దరూ ఒకే నేల మీద ఉన్నట్టుంటారు. తర్వాత ఒక రోజంతా వదిలెయ్యండి.

రంగులూ తడి పళ్లెమూ

యాక్రిలిక్ రంగులే వాడండి. మినియేచర్ల కోసం చేసిన వయెహో, సిటడెల్ లాంటి వాటిలో రంగుపొడి సన్నగా ఉంటుంది, డబ్బులు పెట్టగలిగితే మంచిది. కామ్లిన్ యాక్రిలిక్‌తో కూడా ఈ జంట మొత్తం చెయ్యొచ్చు, కాకపోతే ఇంకో పూత ఎక్కువ పడుతుంది. సన్నటి మొన ఉన్న 1 నంబరు, 0 నంబరు బ్రష్‌లు, డ్రైబ్రష్‌కి ఒక పాత మేకప్ బ్రష్ చాలు.

మూత గట్టిగా పట్టే టిఫిన్ డబ్బాలో తడిపిన స్పాంజి, దాని మీద బటర్ పేపర్. ఇదే తడి పళ్లెం. రంగు గంటలకొద్దీ ఆరదు. వానాకాలంలో రెండు రోజులకోసారి స్పాంజి ఉతకండి, లేకపోతే బూజు పడుతుంది. పని చేసేటప్పుడు సీలింగ్ ఫ్యాన్ ఆపెయ్యండి, మే నెలలోనైనా సరే. ఫ్యాన్ కింద బ్రష్ మొన మీదే రంగు గట్టిపడుతుంది. పూసే రంగు పాలంత పల్చగా ఉండాలి. ఒక్క మందపు పూత కంటే రెండు పల్చటి పూతలు ఎప్పుడూ మేలు. మొన సరిచెయ్యడానికి బ్రష్ నోట్లో పెట్టుకోకండి.

కుక్క

నేను ఎప్పుడూ కుక్కతోనే మొదలుపెడతాను. దాని ఒంటిరంగు కుదిరాకే హ్యాండ్లర్ ఆర్మర్ రంగు తేలుతుంది.

మన వీధికుక్క రంగుకి యెల్లో ఓకర్ (పసుపు మట్టిరంగు) రెండు వంతులు, బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి రంగు) ఒక వంతు, బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ) కొద్దిగా. ఇది జాకెట్ కిందా యంత్రపు కాలి మీదా తప్ప ఒళ్లంతా. పొట్ట, గొంతు కింద, కాళ్ల లోపలివైపు, తోక అడుగు, పాదాలు మీగడ రంగు: తెలుపులో ఓకర్ చుక్క. రెండు రంగులు కలిసే చోట గీత కనబడకూడదు. సగం సగం కలిపిన రంగుతో, సన్నటి మొనతో, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి చిన్నచిన్న గీతలు లాగండి.

ఆరాక గోధుమరంగు వాష్. వాష్ అంటే బాగా నీళ్లగా ఉండి గాట్లలోకి జారి నిలిచే రంగు. కొననక్కర్లేదు, బర్న్ట్ అంబర్‌లో నలుపు చుక్క వేసి ఆరేడు వంతుల నీళ్లూ కాస్త యాక్రిలిక్ మీడియమూ (రంగు లేని యాక్రిలిక్) కలిపితే వస్తుంది. పొట్ట కిందా తొడల వెనకా ఎక్కువసేపు గుంటగా నిలవనివ్వకండి, పొడి బ్రష్‌తో పీల్చెయ్యండి. అరగంట ఆగండి.

ఇప్పుడు డ్రైబ్రష్. మొదటి రంగులో కాస్త తెలుపు కలిపి, బ్రష్‌కి అద్ది, దాదాపు మొత్తం కాగితం మీద తుడిచెయ్యండి. చేతి వెనక రుద్దితే రంగు కనిపించీ కనిపించనట్టు అంటాలి, అప్పుడు బ్రష్ సిద్ధం. బొచ్చు గాట్లకి అడ్డంగా, మెల్లగా రుద్దండి. ఎత్తులు మాత్రమే వెలుగుతాయి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఆపకండి. డ్రైబ్రష్ చేసిన బొచ్చు కుక్క మొత్తానికీ ఒకేలా ఉంటుంది. అసలు కుక్కలో భుజం మీద బొచ్చు కిందికి వాలుతుంది, మెడ దగ్గర సుడి తిరుగుతుంది, నుదుటి మీద మరీ పొట్టిగా ఉంటుంది. 0 నంబరు బ్రష్‌తో లేత రంగు గీతలు, ఒక్కోటి అర మి.మీ. కంటే పొడవు లేకుండా, బొచ్చు వాలే దిక్కున లాగండి. భుజం మీద ఓ పాతిక, తొడ మీద పదిహేను, మెడ మీద పది చాలు. ఎక్కువ గీతలు హ్యాండ్లర్ చెయ్యి ఉండే చోటికి దగ్గరగా పడాలి. ఆ వేళ్ల కింద బొచ్చు కాస్త అణిగి పక్కలకి విచ్చుకున్నట్టు రెండు మూడు గీతలు పక్కకి తిప్పండి. చూసేవాళ్లకి ఎందుకో తెలియదు కానీ, చెయ్యి నిజంగా ఆ ఒంటి మీద ఆనినట్టు కనిపిస్తుంది.

మొహానికి మంచి వెలుతురున్న పూట కేటాయించండి. మూతి చివర ముదురు గోధుమ, ముక్కు నలుపు, ముక్కు పైఅంచున నీలం కలిసిన బూడిదరంగు సన్నగీత. కళ్ల దగ్గర చాలామంది పొరపడేది మనిషి కన్నులా తెల్లగుడ్డు వెయ్యడం. కుక్కకి మామూలుగా తెల్లగుడ్డు కనిపించదు. కనిపిస్తే భయపడినట్టుంటుంది. కంటి గుంట మొత్తం నలుపు, లోపల ముదురు తేనెరంగు చుక్క, దాని పైమూలలో తెల్లటి నలక. ఆ నలక చూపు పోయే దిక్కుని చెబుతుంది, దాన్ని ఆఖరి రోజుకి వదిలెయ్యండి. చెవి లోపల బర్న్ట్ సియెన్నాలో కాస్త గులాబీ. హ్యాండ్లర్ వైపు తిరిగిన చెవి అంచుకి మాత్రం ఇంకో లేత గీత ఎక్కువ ఇవ్వండి.

యంత్రపు కాలికి ముదురు బూడిద, నల్ల వాష్, అంచులకి లేత బూడిద. కీళ్ల దగ్గర బర్న్ట్ సియెన్నా నీళ్లగా చేసి అద్దితే వాడుకలో ఉన్న కాలిలా ఉంటుంది. దీనికి ఇంతకంటే శ్రమ వద్దు.

హ్యాండ్లర్ చర్మం

ఈ మెట్టు మీద నాకు పట్టుదల ఎక్కువ. వీడియోల్లో చూపించేది ఎక్కువగా తెల్లవాళ్ల చర్మం. అదే పద్ధతిలో మన రంగు వేస్తే, అంటే ముదురు రంగులో తెలుపు కలుపుతూ పోతే, మొహం బూడిద పూసినట్టు అవుతుంది. మన చర్మంలో వెలుగు తెలుపు వైపు పోదు, పసుపూ నారింజా వైపు పోతుంది.

మొదటి రంగు: బర్న్ట్ అంబర్ రెండు వంతులు, బర్న్ట్ సియెన్నా ఒక వంతు, ఓకర్ అర వంతు. నీడకి అందులో ముదురు నీలం చుక్క కలిపి కళ్ల కింద, ముక్కు పక్కన, దవడ కింద. వెలుగుకి ఓకర్ పెంచుతూ కాస్త నారింజ, చెక్కిళ్ల మీద, ముక్కు మీద, గడ్డం మీద, కనుబొమల పైన. నల్లటి చర్మం కాస్త నిగనిగలాడుతుంది కాబట్టి ఆఖరి వెలుగు చిన్న చోటులో, గట్టిగా పడాలి: ముక్కు కొన మీదా చెక్కిలి ఎముక మీదా మీగడ రంగు చుక్క. పెదవులకి సియెన్నాలో ఎరుపు. అరచేతి వైపు కనిపిస్తే ఒక మెట్టు లేతగా వెయ్యండి.

ఇందులో ఒక లాభం దానంతటదే వస్తుంది. ఓకర్, సియెన్నా, అంబర్ అనే మూడు రంగులే కుక్కలోనూ ఉన్నాయి, ఆమెలోనూ ఉన్నాయి. ఇద్దరూ ఒకే మట్టిలో పుట్టినట్టు కనిపిస్తారు.

ఆర్మర్, జాకెట్

కుక్క నారింజ కలిసిన గోధుమ. రంగుల చక్రంలో నారింజకి ఎదురు నీలం. అందుకే ఆర్మర్‌కి బూడిద కలిసిన ముదురు నీలం పెట్టాను, కుక్క జాకెట్‌కి కూడా అదే సీసాలోంచి. ఆమె భుజానికి కుక్క ఒంటిరంగులో ఒక పట్టీ. పల్చటి రెండు పూతలు, గాట్లలో నలుపు కలిసిన నీలం, బ్రష్ మొనను పడుకోబెట్టి అంచుల వెంట లేత నీలం. గీసుకుపోయిన మచ్చలు మోకాళ్ల మీదా మోచేతుల మీదా చాలు, అవి నేలకి తగిలే చోట్లు.

దీపం వెలుగు

మెడపట్టీ దీపమూ ఆమె మణికట్టు స్క్రీనూ ఒకే రంగులో వెలగాలి. కుక్కకి తెలిసింది ఆమెకి అందుతోందని చెప్పేది ఇదే. నేను ఆకుపచ్చ కలిసిన లేత నీలం వాడతాను. ముందు దీపాన్ని శుద్ధ తెలుపుతో నింపి, దాని మీద ఆ రంగుని పల్చగా పొయ్యండి, నడుమ తెలుపు మిగలాలి. తర్వాత అదే రంగులో ఆరు వంతుల నీళ్లు కలిపి, దీపానికి ఎదురుగా ఉన్న చోట్ల మాత్రమే, అంటే కుక్క గొంతు కింద, ముందుకాలి లోపలివైపు, మూతి అడుగున, మూడు నాలుగు పొరలు వెయ్యండి. ప్రతి పొర ముందుదాని కంటే చిన్నగా, దీపానికి దగ్గరగా జరగాలి. దీపం కంటే దాని వెలుగు పడ్డ చోటు ఎప్పుడూ మసకగానే ఉండాలి. స్క్రీన్ వెలుగు ఆమె గడ్డం కిందా చేతి మీదా పడుతుంది.

బేస్

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లా మీదుగా పోయింది. కూలిన చెట్లు ఇంకా కళ్ల ముందే ఉన్నాయి. నా కుక్క వెతుకుతున్నది శత్రువుని కాదు, చెట్టు కింద చిక్కుకున్న మనిషిని. కాబట్టి బేస్ మీద ఎండిన కొమ్మ ముక్క ఒకటి పడుకోబెట్టి, ఒక చివర చీలికలు చేశాను. పక్కన విరిగిన డ్రోన్ రెక్క, పాత పెన్ను ప్లాస్టిక్ ముక్కతో.

నేలకి జల్లెడ పట్టిన ఎర్రమట్టిని ఫెవికాల్ మీద చల్లండి. ఎండుటాకులకి కొమ్ము పని దగ్గర రాలే సన్నటి తరుగు తెచ్చుకుంటాను. చుట్టలు చుట్టుకుని ఉండి, ఈ కొలతలో రాలిన ఆకుల్లాగే ఉంటుంది. అది జంతువు కొమ్ము, పురుగు పట్టొచ్చు. నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో తడిపి, ఆరాక ప్రైమర్ పూసి, ఆ తర్వాతే రంగు వెయ్యండి. బేస్ మట్టిరంగునే నీళ్లగా చేసి కుక్క పాదాలకీ ఆమె మోకాలికీ కాస్త అద్దండి.

అతుకు, వార్నిష్, లీష్

ముందు హ్యాండ్లర్‌ని, తర్వాత కుక్కని బేస్ మీద దింపండి. కుక్క పాదంలోని తీగ బేస్‌లో చేసిన రంధ్రంలోకి దిగితే గట్టిగా నిలుస్తుంది. వీపు మీద పెన్సిల్ గుర్తు దగ్గర సూది మొనంత సూపర్ గ్లూ పెట్టి చెయ్యి ఆనించండి. సందు కనిపిస్తే బొచ్చు రంగుతో రెండు గీతలు పైకి లాగి కప్పండి.

లీష్‌కి మోటారు వైండింగ్ షాపులో పాత రాగి తీగ అడిగితే ఇస్తారు. సన్నటిది ఏరుకుని, దాని మీది లక్క పూతని ఉప్పుకాగితంతో ఒకసారి రుద్దండి, లేకపోతే రంగు ఊడిపోతుంది. బిగదియ్యకండి. నేలను వాసన చూసే కుక్క లీష్ వదులుగా, మధ్యలో వాలి ఉండాలి. బిగిసిన తాడు లాగుతున్నట్టుంటుంది, వదులు తాడులో నమ్మకం కనిపిస్తుంది. బర్న్ట్ అంబర్ రంగు, పైఅంచున లేత గీత.

మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ బ్రష్‌తో పల్చగా రెండు పూతలు. ఆటలో చేతులు పడే బొమ్మ కాబట్టి ఇది మానకండి. తేమ రోజుల్లో స్ప్రే వార్నిష్ తెల్లటి మంచు పట్టినట్టు చేస్తుంది, మళ్లీ బ్రష్ మాటే చెబుతాను. పూర్తిగా ఆరాక ముక్కు మీద, స్క్రీన్ మీద, దీపం మీద గ్లాసీ (మెరిసే) వార్నిష్ చుక్క.

ఇక కళ్లు. పొద్దున తొమ్మిదింటికి కిటికీ దగ్గర కూర్చోండి, మోచేతులు బల్లకి ఆనించండి. తెలుపు రంగు కాస్త పల్చన చేసి, 0 నంబరు బ్రష్ మొన అంచుతో ఆమె రెండు కళ్లలో ఒక్కో నలక పెట్టండి. కుక్క నేలను చూస్తోంది, అయినా దాని కంట్లో నలకని ఆమె ఉన్న వైపే, పైమూలలో పెట్టండి. ఆరాక ఆ కళ్ల మీద కూడా ఒక చుక్క గ్లాసీ వార్నిష్ వేసి, రాత్రి దాకా బొమ్మను తాకకండి.